పూడ్చినవాడే ముందు తడవాలి

పడవ ఒక పక్కకు ఒరిగి ఇసుకలో పడుకుని ఉంది. దాని పొట్ట కింద గోనెపట్టా పరుచుకుని, ఒక మోకాలు నేలకు ఆనించి, మేస్త్రి పలకల సందులో నార దిగగొడుతున్నాడు. నూనెలో నానబెట్టిన నారను అరచేతుల మధ్య పేని సన్నటి తాడు చేస్తాడు. దాన్ని సందు మీద ఆనించి, పైన పదును లేని ఉలి పెట్టి, కొయ్య సుత్తితో కొడతాడు. వేలెడు ముందుకు జరుగుతాడు. మళ్ళీ పేనుతాడు, ఆనిస్తాడు, కొడతాడు. మోచేతుల దాకా నూనె, గోళ్ళ నిండా గుగ్గిలం. వంగీ వంగీ ఆయన వీపుకు కూడా పడవ వంపే వచ్చింది.

ఆ చిన్న దీవిలో మగవాళ్ళు పడవలు నడుపుతారు. ఆడవాళ్ళు చాపలూ బుట్టలూ అల్లుతారు. అవి పడవలెక్కి అవతలి ఒడ్డుకు పోయి అమ్ముడవుతాయి. వానాకాలం అంతా పడవలు ఒడ్డున బోర్లా పడుకుని ఎండకూ వానకూ పలకలు విచ్చుకుని ఉంటాయి. వానలు వెనకబట్టగానే మేస్త్రి ఒక్కో పడవా పూడ్చుకుంటూ వస్తాడు. ఈ పని ఇంకెవరికీ రాదు. నేర్చుకోలేక కాదు, ఆయన ఉన్నాడు కదా మనకెందుకులే అనుకున్నారు. ఈ ఏడు మొదటి పడవ ఆయన అల్లుడిది. మిగతావన్నీ ఇంకా బోర్లాపడే ఉన్నాయి.

మేస్త్రి నోట్లో పుల్ల ఉంది. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు. ఒక కొస పళ్ళ మధ్య ఉంటుంది, రెండో కొస పడవ పలకను తాకుతూ ఉంటుంది. కొన్నేళ్ళ కిందట చుట్ట మానేసి పుల్ల పట్టాడని అందరూ అనుకున్నారు. అప్పట్నుంచి పుల్లయ్య మేస్త్రి అయ్యాడు. అసలు పేరు భార్యకు తెలుసు గానీ ఆవిడ చచ్చినా పలకదు. కాబట్టి ఆ పేరు ఇక లేనట్టే లెక్క.

లోకం దృష్టిలో ఆ పుల్ల చుట్టకు బదులు. నిజానికి అది ఆయన చెవి.

సందులు పూడ్చే పనిలో కంటికి దక్కేది తక్కువ. నార పైకి నిండుగా కనిపించినా లోపల డొల్ల ఉండొచ్చు. ఆ సంగతి సుత్తి దెబ్బే చెప్పాలి. నార గట్టిగా దిగితే దెబ్బ ఠంగుమంటుంది. లోపల వదులుంటే తడిగోడను గుద్దినట్టు మొద్దుగా చప్పుడవుతుంది. అప్పుడు కొక్కెంతో నారంతా లాగేసి మళ్ళీ కొట్టుకోవాలి. తండ్రి ఆయనకు నేర్పింది ఇంతే. ఈ మాత్రం నేర్పడానికి ఆ మహానుభావుడు చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు వేశాడో చెప్పుకుంటే ఇప్పటికీ తల నిమురుకుంటాడు.

ఆయన అసలు చెవి ఒక్కరోజున పోలేదు. దొంగలా మెల్లగా జారుకుంది. మొదట పిట్టలు మూగబోయాయి. తర్వాత పొయ్యి మీద మూత ఎగరడం వినిపించలేదు. భార్య గాజుల చప్పుడు ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తులేదు. చివరికి సుత్తి కూడా దూరంగా జరిగిపోయింది. ఆ రోజుల్లో ఆయన నిద్రపోలేదు. ఒకనాడు చేతులు ఖాళీలేక ఉలి పిడిని పళ్ళతో పట్టుకుని పలకకు ఆనించినప్పుడు, పక్కనే తగిలిన దెబ్బ పుర్రెలో ఠంగున మోగింది. పోయిన బిడ్డ తిరిగొచ్చినట్టు ఏడ్చాడు. మర్నాడే పుల్ల చెక్కుకున్నాడు. ఆ పుల్లతోనే ఇన్నేళ్ళూ పడవలు పూడ్చాడు. ఒక్కటీ చుక్క నీరు తాగలేదు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇవాళ పొద్దున నోరు పుక్కిలిస్తుంటే కింది పన్ను నీళ్ళతోపాటు వచ్చేసింది. పుల్లను బిగబట్టడానికి మిగిలిన ఒకే ఒక్క జోడీలో అది కింది భాగస్వామి. పై పన్ను ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా మిగిలిన ముసలాడిలా వేలాడుతోంది. మేస్త్రి పంటి చిగురుతో పుల్లను నొక్కిపట్టి పని మొదలుపెట్టాడు. మొదట్లో ఏదో అదురు తెలిసింది. ఎండ ఎక్కేసరికి చిగురు వాచింది. పుల్ల జారుతోంది. జారిన ప్రతిసారీ సర్దుకుంటున్నాడు. సర్దుకునే లోపల పడిన దెబ్బలు ఏమన్నాయో ఆయనకు తెలియదు.

ఆగిపోవచ్చు. కానీ ఈ పడవ ఇవాళ సాయంత్రం పోటుకే బయలుదేరాలి. వానలయ్యాక మొదట చేరిన సరుకునే అవతలి ఒడ్డున ఎగబడి కొంటారు. ఈసారి భర్తతోపాటు కూతురు కూడా మొదటిసారి వెళుతోంది. దీవి ఆడవాళ్ళు వానాకాలమంతా అల్లినవన్నీ ఆమె చేతుల మీదుగా అమ్ముడుపోవాలి. నెలరోజులుగా ఆ పిల్లకు నేల మీద కాలు ఆనడం లేదు.

ఆ కూతురే ఇప్పుడు ఆయన వెనకాలే కుంచె పట్టుకుని వస్తోంది. తండ్రి పూడ్చిన సందు మీద నూనెతో కాచిన గుగ్గిలం నల్లగా పూస్తోంది. గుగ్గిలం పూశాక సందులన్నీ ఒకేలా నున్నగా మెరుస్తాయి. ఏది మంచిదో ఏది కాదో ఇక దేవుడికే తెలియాలి. ఆమెకు చెవులు బాగానే పనిచేస్తాయి గానీ, నోరు మూస్తే కదా చెవి తెరుచుకునేది! పొద్దుట్నుంచీ అవతలి ఒడ్డు సంత గురించి ఒకటే వాగుడు. ఆమె పెదాలు కదులుతున్నంతసేపూ తండ్రి తల ఊపుతూనే ఉన్నాడు.

తెడ్లు చెక్కే వియ్యంకుడు రెండు కొత్త తెడ్లు భుజాన వేసుకుని అటుగా వచ్చాడు. నోరూరుకోని మనిషి.

"ఏం బావగారూ! పుల్ల నములుతున్నారా, మావాడి పడవే నమిలేస్తున్నారా?"

గుబురు మీసాల చాటున పెదాలు కనిపించక మేస్త్రికి మాట అందలేదు. మీసాలు పైకి లేవడం కనిపించింది. మీసాలు లేస్తే వేళాకోళం. కాబట్టి గట్టిగా నవ్వాడు. చెవిటితనం దాచుకునేవాడికి నవ్వును మించిన గొడుగు లేదు.

వియ్యంకుడు తెడ్లు దించి, పలక మీద చెయ్యి వేసి, ఈసారి నవ్వకుండా ఏదో అడిగాడు. మేస్త్రి దానికీ నవ్వాడు.

"మీ నాన్న నవ్వుతున్నాడంటే సాయంత్రానికి అయిపోయినట్టే. సామాన్లు సర్దుకో అమ్మాయ్!" అని కోడలితో అని ఆయన వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి రాకముందే భార్య అన్నం పట్టుకొచ్చింది. ఎప్పుడూ ఆవిడ వచ్చేది పొద్దు తిరిగాక. కూతుర్ని ఇంటికి పంపేసింది. "నువ్వెళ్ళి తిను, పొయ్యి దగ్గర గిన్నె చూసుకో" అని. ఆ తర్వాత మేస్త్రికి ఎదురుగా, తన మొహం ఆయనకు కనిపించేలా ఇసుకలో చతికిలబడింది. గిన్నె మూత తీయలేదు.

"పొద్దున ఒకచోట మొద్దుగా మోగింది" అంది.

మేస్త్రి చేతిలో నార పేనడం ఆగింది.

ఆ దీవి ఆడవాళ్ళందరికీ ఆయన సుత్తి మోతకు చాప అల్లడం అలవాటు. ఠంగుమంటే ఒక పోగు ఎత్తుతారు, ఠంగుమంటే ఒక పోగు దించుతారు. అలవాటై అలవాటై ఎవరూ దాన్ని వినరు. మన గుండె కొట్టుకోవడం మనం వింటామా? కానీ ఈవిడ వింటుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ వింటోంది.

"ఎక్కడ?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడో నాకేం తెలుసయ్యా? ఇంట్లో కూచున్నదాన్ని. చెయ్యి తప్పి పోగు వదిలేశాను. మళ్ళీ లాగి కొడతావేమో అని చూశాను. నువ్వు అలాగే ముందుకెళ్ళిపోయావు."

"ఎంతసేపు?"

"ఒక వరస అల్లేంతసేపు."

ఒక వరస అంటే పడవకు ఒక పక్క సగం ఉండొచ్చు, మూరెడే ఉండొచ్చు. ఆమె వేళ్ళ వేగాన్ని బట్టి ఉంటుంది. మేస్త్రి పడవ వైపు చూశాడు. నల్లటి గుగ్గిలం కింద సందులన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు. ఈసారి అడిగింది సందు గురించి కాదు. ఆవిడకు అర్థమైంది.

"పెరట్లోంచి పిలిస్తే నువ్వు పలకడం మానేసిన దగ్గర్నుంచి."

అందుకా! కొన్నేళ్ళుగా ఆవిడ దూరం నుంచి పిలవడమే లేదు. ఏ పని ఉన్నా దగ్గరికొచ్చి భుజం తడుతుంది. ఎదురుగా కూర్చుంటేనే మాట్లాడుతుంది. ముసలితనంలో ప్రేమ పెరిగిందేమో అనుకుని ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా. ఇప్పుడు సిగ్గుతో తల దించుకున్నాడు. సిగ్గు కింద ఇంకేదో కూడా ఉంది. అది కళ్ళలోకి రాకుండా మింగేశాడు.

ఆమె ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తింది. తల దించుకుంటే ఆయనకు మాట అందదు మరి.

"అల్లుడికి చెప్పు. రెండ్రోజులు ఆగమను. సందులన్నీ విప్పేసి మళ్ళీ కొట్టు. నేనిక్కడే కూచుని వింటాను. మొద్దుగా మోగితే నీ భుజం తడతాను. అంతే కదా."

అంతే. ఇంత సుళువైన మాట ఆ దీవిలో ఆ రోజు ఇంకెవరూ అనలేదు. మేస్త్రి మొహం ఎర్రబడింది.

"పెళ్ళాం పక్కన కూచుని చెవి అరువిస్తే పడవ కొట్టే మేస్త్రినా నేను? నలుగురూ ఏమంటారు?"

"నలుగురూ నీళ్ళలో పడ్డాక ఏమంటారో అది కూడా ఆలోచించు."

ఆవిడ గిన్నె మూత తీసి ముందు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"చెప్తాలే" అన్నాడు చివరికి.

"చెప్తావు కదా?"

"చెప్తానన్నానా లేదా!"

ఆవిడ గిన్నె తీసుకుని లేచింది. కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. తనే వెళ్ళి అల్లుడితో చెబితే పోయేది. కానీ ఇన్నేళ్ళూ ఆయన గుట్టును కొంగున కట్టుకుని తిరిగిన మనిషి, ఆ ముడి తన చేత్తో విప్పలేకపోయింది. విప్పనందుకు ఆ తర్వాత ఆవిడ తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు.

ఆవిడ వెళ్ళాక మేస్త్రి సుత్తి తిరగేసి, ఒక్కో సందు మీదా తట్టుకుంటూ పోయాడు. పుల్లను చిగుళ్ళ మధ్య ఎంత నొక్కినా రక్తం వచ్చింది గానీ మోత రాలేదు. అరచెయ్యి ఆనించాడు. చెంప ఆనించాడు. ఎండకు పలకలు వెచ్చగా తగిలాయి. మరేమీ తెలియలేదు. సముద్రం ఆ రోజు నూనె పోసినట్టు కదలకుండా ఉంది. మామూలుగా పడవ నీడలో వచ్చి పడుకునే కుక్క ఆ పూట దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా పోటు ఎక్కింది. మగవాళ్ళు దుంగలు వేసి పడవను నీళ్ళలోకి దొర్లించారు. ఆడవాళ్ళు చాపల చుట్టలూ బుట్టల దొంతరలూ మోసుకొచ్చి ఎక్కించారు. కూతురు కొత్త చీర కట్టుకుని, జడ బిగించి, అందరి దగ్గరా అప్పగింతలు తీసుకుంటోంది. ఒకావిడ బుట్టకు ఎంత చెప్పాలి, ఇంకొకావిడ చాపను ఎవరికి చూపించాలి, అన్నీ వింటోంది. వాళ్ళ వెనక తల్లి నిలబడి మేస్త్రిని చూస్తోంది.

మేస్త్రి అల్లుడి దగ్గరికి వెళ్ళాడు. అల్లుడు వంగి తాళ్ళు బిగిస్తున్నాడు. మొహం అటు ఉంది. మొహం ఇటు తిరిగే దాకా ఆగాడు. ఆగుతూ మాటలు పేర్చుకున్నాడు. నాయనా, నాకు వినపడదు. పొద్దున ఒకచోట తేడా వచ్చింది. ఎక్కడో తెలీదు. మూడే మాటలు. నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

అల్లుడు తిరిగి చూసి ఇంత నవ్వు నవ్వాడు.

"ఏంటి మామయ్యా, అలా చూస్తున్నావు? మీ అమ్మాయి గురించి బెంగా? నీ చెయ్యి పడ్డ పడవ ఇది. నేను కళ్ళు మూసుకుని ఎక్కుతాను!"

పేర్చుకున్న మాటలు పేర్చుకున్నట్టే కూలిపోయాయి. పొగడ్త ఒక్కోసారి బండరాయిలా మీద పడుతుంది. కదలనివ్వదు.

"దించు" అన్నాడు మేస్త్రి.

"ఏం దించాలి?"

"సరుకంతా దించు. ముందు నేనొక్కణ్ణే వెళ్ళొస్తాను. పూడ్చినవాడే ముందు తడవాలి."

ఒడ్డున ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది పాతకాలపు కట్టుబాటు. సందులు పూడ్చిన మేస్త్రి ఎవరైనా సరే, పడవ తీసుకుని సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ ఒంటిరాయి దాకా వెళ్ళి తిరిగి రావాలి. వచ్చాకే మిగతావాళ్ళు ఎక్కాలి. మేస్త్రి తండ్రి చివరి దాకా అలాగే వెళ్ళేవాడు. దాన్ని మాన్పించింది మరెవరో కాదు, ఈయనే. వయసులో ఉన్నప్పుడు ఒకరోజు, మీసం మెలేస్తూ, 'నా చేతి పూడ్పుకి పరీక్షేంట్రా!' అన్నాడు. అందరూ నిజమే కదా అనుకున్నారు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడా, మామయ్యా? పోటు తగ్గిపోతుంది. ఇవాళ తప్పితే మళ్ళీ..."

"దించమన్నాను."

ఆయన గొంతు పెద్దదైంది. ఎంత పెద్దదైందో ఆయనకే తెలియదు. కూతురు మొహం చిన్నబుచ్చుకుంది. వియ్యంకుడు మీసాలు లేపి, "మా బావగారికి ఇవాళ సముద్రం మీదికి గాలి మళ్ళిందర్రా! వెళ్ళి రానివ్వండి" అన్నాడు. గొణుక్కుంటూనే సరుకంతా దించారు. చాపల చుట్టలు ఒక పక్కన, బుట్టలు ఒకదాని మీద ఒకటి ఇంకో పక్కన పేర్చారు. తడిగాలికి పై బుట్టలు మెత్తబడతాయని మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు. దాని అంచులు అల్లికలోకి దోపాడు.

అక్కడితో ఊరుకోలేదు. బుట్టలు ఉన్నచోటల్లా రాళ్ళు వేయమన్నాడు.

"ఖాళీ పడవ పైపైనే తేలుతుంది. మనుషులూ సరుకూ ఎంత బరువో అంత బరువూ ఉండాలి. అప్పుడే పై సందులు కూడా నీళ్ళలో దిగుతాయి."

ఒడ్డున రాళ్ళకు కరువా? ఒక్కొక్కటీ మోసుకొచ్చి వేస్తుంటే పడవ కొంచెం కొంచెం దిగింది. కూతురు కూర్చోవలసిన చోట కూడా ఒక రాయి పెట్టించాడు. దాన్ని ఆయనే ఎంచాడు, ఆమె బరువుకు సరిపోయేలా. రాయి పెట్టడం చూసి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఏం చేస్తున్నాడో ఆవిడకు అర్థమైపోయింది. నోటితో చెప్పలేని మాటను పడవతో చెప్పించాలని చూస్తున్నాడు. నీళ్ళొస్తే నలుగురూ వాళ్ళంతట వాళ్ళే చూస్తారు. రాకపోతే చెప్పవలసిన అవసరమే ఉండదు.

"నేనూ వస్తాను మామయ్యా" అని అల్లుడు కాలు లోపల పెట్టబోయాడు. మేస్త్రి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"నీ బరువు రాళ్ళలో ఉంది. దిగు."

భార్య నీళ్ళలోకి మోకాలి లోతు దిగి పడవ అంచు పట్టుకుంది. ఆయన ఆవిడ మొహం చూశాడు.

"చెప్పలేదు" అంది.

"వచ్చాక చెప్తా" అన్నాడు.

తెడ్డు తీసుకుని పడవ వెనక కొసన నిలబడ్డాడు. ఒడ్డు వైపు వీపు, ఒంటిరాయి వైపు మొహం. చిన్నప్పుడు తండ్రి వెనక నిలబడి వెళ్ళిన దారే. పడవ నీళ్ళు కోసుకుంటూ కదిలింది. ఉత్త కాళ్ళతో నిలబడితే పలకల అదురు అరికాళ్ళలోకి వస్తుంది. ఆ మాత్రం వినికిడి ఆయనకు ఇంకా ఉంది. కాళ్ళ దగ్గర పొడిగా ఉంది. కొంత దూరం వెళ్ళాక మళ్ళీ చూశాడు. పొడిగానే ఉంది.

ఒడ్డు సన్నబడింది. ఆయన గుండె మీది బరువు మెల్లగా దిగింది. ముసలిదానికి చాదస్తం ఎక్కువైంది అనుకున్నాడు. పక్కింటివాళ్ళు ఏ పచ్చడో దంచుతుంటే ఆ చప్పుడు విని ఉంటుంది. ఇంటికెళ్ళాక దీని సంగతి చూడాలి, పదేళ్ళ దాకా ఎత్తిపొడవాలి. అలా అనుకుంటూ తనలో తనే నవ్వుకున్నాడు. ఆ రోజు ఆయన నిజంగా నవ్విన నవ్వు అదొక్కటే.

ఒంటిరాయి దగ్గర నీళ్ళ నడక మారుతుంది. పైకి ఎంత ప్రశాంతంగా ఉన్నా అడుగున ప్రవాహం రాయిని ఒరుసుకుంటూ మెలి తిరుగుతుంది. పడవ దాని మీదికి రాగానే పలకలు ఒక్కసారి కిందికీ పైకీ ఆడాయి. పడవ ముక్కు దగ్గర రాళ్ళు నల్లబడ్డాయి. ముందు ఒకటి, తర్వాత దాని పక్కది. తడి.

మేస్త్రి తెడ్డు వదిలేసి ముందుకు పరుగెత్తాడు. మోకాళ్ళ మీద కూలబడి రాళ్ళ మధ్య చెయ్యి దూర్చి వెతికాడు. ముక్కుకు కాస్త ఇవతల, కింది నుంచి మూడో సందు. పొద్దున వాచిన చిగురును నాలుకతో తడుముకుంటూ పుల్ల సర్దుకున్నది ఇక్కడే. పలకను తోసుకుని నీళ్ళు లోపలికి ఊరుతున్నాయి. లోపల నార నానిన రొట్టెలా మెత్తగా వేలికి తగిలింది.

"ఇక్కడ!" అన్నాడు పైకే.

భయం కంటే ముందు ఆయనకు కలిగింది ఊరట. ఎక్కడో తెలిసింది. ఈ ఒక్క చోటే విప్పి కొడితే చాలు. బరువు తగ్గిస్తే పడవ పైకి లేస్తుంది, సందు నీళ్ళలోంచి బయటపడుతుంది, మెల్లగా వెనక్కి తీసుకెళ్ళొచ్చు. అల్లుడి పడవకు ఏమీ కాదు. వంగి మొదటి రాయి ఎత్తి బయటికి విసిరాడు. తర్వాత రెండోది. తెడ్డు లేని పడవ ప్రవాహానికి తిరిగి ముక్కు ఒడ్డు వైపు పెట్టింది. ఆయన దృష్టంతా చేతుల మీదే ఉంది. ఆయన పక్కనే ఒంటిరాయి బారెడు దూరంలో ఉంది.

ఒడ్డు నుంచి చూస్తున్నవాళ్ళకు పడవ ముక్కు కిందికి వాలడం కనిపించింది. మేస్త్రి వంగి రాళ్ళు విసరడం కనిపించింది. ఆ తర్వాత ఆయనకు కనిపించనిది కూడా కనిపించింది. కదలని సముద్రంలోంచి, బయటి వైపు నుంచి, ఒకే ఒక్క అల లేచి ఒంటిరాయి పక్కగా వస్తోంది. దాని వెనకా ముందూ ఇంకో అల లేదు.

"మామయ్యా! అల! వెనక అల!" అల్లుడు గొంతు చించుకున్నాడు. "రాయెక్కు! వదిలేసి రాయెక్కెయ్!"

వియ్యంకుడు అరిచాడు. కూతురు "నాన్నా! నాన్నా!" అని నీళ్ళలోకి పరుగెత్తింది. ఒడ్డు ఒడ్డంతా ఒక్క గొంతై అరిచింది. ఒక్క అడుగు పక్కకు వేసి చెయ్యి చాపితే రాయి అందుతుంది. మేస్త్రి తల ఎత్తలేదు. వంగి ఇంకో రాయి తీశాడు. తీరిగ్గా, పని చేసుకుంటున్నవాడిలా దాన్ని బయటికి వేశాడు.

"ఎందుకు చూడడం లేదు? ఏమైంది ఆయనకి?" అల్లుడి గొంతు పగిలిపోయింది.

మేస్త్రి భార్య అతని భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది. మొగుడి భుజం తట్టడానికి అలవాటుపడ్డ చెయ్యి.

"అరవకు నాయనా. ఆయనకి వినపడదు."

ఒడ్డు మీద అందరూ ఒక్కసారి నోరు మూశారు. ఆ నిశ్శబ్దంలో అల పడవ వెనక కొసను ఎత్తింది. రాళ్ళన్నీ ముందుకు జారాయి. పడవ తల వంచుకుని, ఎవరో లోపలికి పిలిచినట్టు, నీళ్ళలోకి వెళ్ళింది.

అల్లుడు ఈదుకుంటూ వెళ్ళాడు. మగవాళ్ళు బోర్లాపడి ఉన్న పడవను తిరగేసి నీళ్ళలోకి తోశారు. దాని సందులు ఇంకా పూడ్చలేదు. పది బారలు వెళ్ళే లోపలే మోకాలి లోతు నీళ్ళు నిండాయి. ఇంకొకటి తోశారు. అదీ అంతే. ఆ దీవిలో ఆ సాయంత్రం తేలే పడవ ఒక్కటీ లేదు. ఆటు తీశాక ఒంటిరాయి మొదట్లో ఆయన దొరికాడు. వేళ్ళ సందుల్లో నార పోగులు ఉన్నాయి.

ఆయన్ని అందరూ కలిసి ఇంటికి మోసుకెళ్ళారు. వియ్యంకుడు దారంతా, "పొద్దున నేనడిగితే నవ్వాడు... నేనడిగింది సాయంత్రానికి అవుతుందా అని..." అని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. కూతురు కొత్త చీర మోకాళ్ళ దాకా తడిసి ఇసుక పట్టి ఉంది. తను కూర్చోవలసిన చోట నాన్న పెట్టించిన రాయి ఎంత పెద్దదో ఆ పిల్లకు అప్పుడు గుర్తొచ్చింది. దారిలోనే కూలబడింది. తల్లి లేవదీసింది.

ఒడ్డున చాపలూ బుట్టలూ దించినచోటే ఉండిపోయాయి. మర్నాడు పొద్దున పోటు వాటి దాకా వచ్చి ఆగి వెనక్కి వెళ్ళింది. రాత్రంతా ఈదర గాలి వీచినా బుట్టల మీది తువ్వాలు ఎగిరిపోలేదు. నాలుగు అంచులూ బొటనవేలితో నొక్కి అల్లికలోకి ఎంత గట్టిగా దిగదోపి ఉన్నాయంటే, దాని కింద ఒక్క బుట్టా తడవలేదు.